చెవి పక్కన పగులు

పోయినవారం మనం నాణేల గది గుమ్మం దగ్గర ఆగిపోయాం. లోపల బల్ల మీద ఏడో నంబరు ట్రే, అందులో నాలుగువందల పన్నెండో నాణెం, దాని ముందు కళ్లద్దాలకు తాడు కట్టుకుని మెడలో వేలాడేసుకున్న పరిశీలకుడు. మ్యూజియం వాళ్లు పదేళ్లుగా తయారుచేస్తున్న రోమన్ నాణేల కేటలాగు సోమవారం ప్రెస్సుకు వెళ్లాలి. అచ్చయ్యేముందు ఒకసారి చూసిపెట్టమని మరో మ్యూజియం నుంచి పిలిపించిన ఈ పెద్దమనిషి, రెండువేల పైచిలుకు నాణేల్లో సరిగ్గా ఒక్కదాని దగ్గర ఆగి "ఇది తప్పు" అన్నాడు. ఆ ఒక్కటీ ఎవరు గుర్తించిందనుకున్నారు? మన కథానాయిక మేనమామ. ముప్పయ్యేళ్లు ఆ గదిని ఏలినవాడు. రిటైరయ్యాక కూడా పెత్తనం వదలనివాడు. ఆ నాణెం ఏ ఊరిదో తేల్చిన వ్యాసంతోనే ఆయనకు నలుగురిలో పేరొచ్చింది. ఆయన తర్వాత గది తాళాలు అందుకున్న మేనకోడలిని ఆఫీసులో అందరూ "భూతద్దం" అంటారు. కేటలాగు మీద సంతకం పెట్టవలసింది ఆమే.

మేనమామ పదకొండింటికి వస్తానన్నాడు. ఇంకా పావుగంట ఉంది. పరిశీలకుడికి అంతవరకు ఆగే ఓపిక లేదు.

"ఒకసారి ఇలా లెన్సులోంచి చూడండమ్మా. కుర్ర చక్రవర్తి చెవి పైన సన్నగా ఉబ్బెత్తు గీత ఒకటి మొదలైంది. చెవి దాటింది, దవడ దాటింది, మెడ దాకా దిగింది. ఏమిటిది?"

"అచ్చు పగులు సార్."

"కదా! మరి ఇంకా చెప్పేదేముంది?" అంటూ ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

చెప్పేదుంది, మన పాఠకుల కోసం. చక్రవర్తి బొమ్మ కనబడగానే నాణెం రోములోనే పుట్టిందనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఎక్కడెక్కడో దూరాన ఉన్న ఊళ్లు తమ సంతలకు కావలసిన కంచు చిల్లరను తామే కొట్టుకునేవి. ఒకవైపు చక్రవర్తి, రెండోవైపు ఊరి దేవత, చుట్టూ ఊరి పేరు. అయితే అచ్చు చెక్కే నేర్పరులు ఊరికొకరు దొరుకుతారా? ఆ పనివాళ్లు చక్రవర్తి మొహం చెక్కిన ఒకే అచ్చును బండిలో వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. ఊరు మారినప్పుడు వెనకవైపు అచ్చు మారేది, మొహం మాత్రం అదే. సుత్తి దెబ్బలు పడేకొద్దీ ఆ మొహం అచ్చు పగిలేది, ఆ పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా పడేది. ముందు కొట్టిన నాణెం మీద పగులు పొట్టిగా, తర్వాత కొట్టినదాని మీద పొడుగ్గా పడేది. ఊరి పేరు పూర్తిగా అరిగిపోయిన నాణేనికి ఆ పగులే పుట్టుమచ్చ. మన నాలుగువందల పన్నెండో నాణేనికి వచ్చిన కష్టం అదే. వెనకవైపు ఒక్క అక్షరం మిగల్లేదు.

పరిశీలకుడు సంచిలోంచి ఏడు ఫొటోలు తీసి పేకముక్కల్లా బల్ల మీద పరిచాడు.

"ఇవన్నీ కొండ పట్నం నాణేలు. ఇదే మొహం అచ్చు. ఏడింటిలోనూ పగులు దవడ దాటింది. దీనికీ దాటింది. అంటే ఇది కొండ పట్నం బిడ్డ. మీ మామయ్యగారేమో దీన్ని తీసుకెళ్లి రేవు పట్నానికి దత్తతిచ్చారు!"

"దేవత కాలి కింద పడవ ముక్కు ఉందని మామయ్య రాశారు సార్."

"పడవా! బండరాయమ్మా అది. కొండ మీది దేవత బండ మీద కాలు పెడుతుంది గానీ పడవెందుకెక్కుతుంది?"

ఆమె మళ్లీ చూసింది. నిజమే, బండరాయిలాగే ఉంది. ఆ మాట మింగుడుపడలేదు. ఎందుకంటే ఇది ఒక్క నాణెంతో పోయే గొడవ కాదు. కుర్ర చక్రవర్తి పుట్టకముందే భూకంపంలో రేవు పట్నం నామరూపాల్లేకుండా పోయిందని పుస్తకాలన్నీ రాశాయి. లేదు, ఆ తర్వాత కూడా ఆ ఊరు బతికే ఉంది, చిల్లర కొట్టుకుంది అని మేనమామ ఈ ఒక్క నాణెం చేతబట్టుకుని వాదించి గెలిచాడు. ఇది కొండ పట్నానిదైతే ఆ గెలుపు మాత్రమే పోదు. కేటలాగు చివర వచ్చే తప్పుల పట్టికలో, కుర్రవాళ్లు చదివి నవ్వుకునేచోట, ఆయన పేరు మొదటి వరుసలో అచ్చవుతుంది.

మేనమామ చెప్పిన వేళకే వచ్చాడు. యుద్ధం తప్పదని ఆమె మనసులో నడుం బిగించింది. ఆయన తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆయన వండిన కూరలో ఉప్పెక్కువైందంటే, ఉప్పు సరిగ్గానే ఉంది, మీ నాలుకలే చెడిపోయాయనేవాడు. అలాంటివాడు నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. ఎప్పుడూ జేబురుమాల్లో చుట్టి తెచ్చుకునే లెన్సు బయటికి తియ్యనేలేదు. పరిశీలకుడు గొంతు సవరించుకునేలోపే నాణేన్ని ట్రేలో పెట్టేశాడు.

"తప్పే. నేనే తప్పు చదివాను. రాసేసుకోండి."

పరిశీలకుడు నెలరోజులు కూడబెట్టుకున్న వాదనంతా బూడిదలో పోసిన పన్నీరైంది. కాస్త తేరుకుని, "పెద్దమనసు చేసుకున్నారు" అని కాగితం ముందుకు లాక్కున్నాడు. "సవరణ రాసేస్తాను, కింద మీ సంతకం కూడా ఉంటే బావుంటుంది."

"అలాగే. చేతులు కడుక్కొస్తాను" అని మేనమామ లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

పరిశీలకుడు హాయిగా టీ తాగుతూ రాసుకుంటున్నాడు. మేనకోడలికి మాత్రం అనుమానం పట్టుకుంది. ఆమెకు బుద్ధి తెలిసినప్పటినుంచి మామయ్య తప్పొప్పుకోగా చూడడం ఇదే మొదలు. అదీ లెన్సు తియ్యకుండా! తనకు ఓనమాలు నేర్పినట్టు నాణేలు నేర్పిన మనిషి, ఒట్టి కంటితో చూసింది నమ్మొద్దని తన నెత్తిన మొట్టికాయలు వేసిన మనిషి, తన పరువు దగ్గరికొచ్చేసరికి కిటికీ వెలుతురుతో సరిపెట్టుకున్నాడంటే ఆమె నమ్మదు.

సొరుగులోంచి అట్టపెట్టె తీసింది. మొన్న పాత అలమరా వెనక దొరికిన ప్లాస్టర్ నకలు అందులో ఉంది. నాణేన్ని మెత్తటి ముద్దలో రెండువైపులా అద్ది, ఆ గుంటలో ప్లాస్టర్ పోసి తీసిన తెల్లటి బిళ్లలు. అడుగున మామయ్య చేత్తో పెన్సిలుతో 412 అని అంకె, పక్కన ముప్పయ్యొక్క ఏళ్ల కిందటి తేదీ. కేటలాగు విడుదలైన రోజున ఆయనకు కానుకగా ఇద్దామని దాచిపెట్టింది. అసలు నాణెం ట్రేలో ఉండగా నకలును పరీక్షగా చూడవలసిన అవసరం ఆమెకు రాలేదు.

ఇప్పుడు చూసింది. ముందు నకలు, పక్కన నాణెం, పైన లెన్సు.

నకలు మీద పగులు చెవి పైనే, నువ్వుగింజంత దూరంలో ఆగిపోయింది. చెవి చెక్కుచెదరలేదు. వెనకవైపు దేవత కాలి కింద పడవ ముక్కు, దాని పక్కన రెండు తెడ్లు.

ఆమె మళ్లీ చూసింది. పగులు అచ్చుకు పెరుగుతుంది. నాణేనికి పెరగదు. సుత్తి దెబ్బ పడిన క్షణాన ఎంత పడిందో, ఎన్ని వందల ఏళ్లు గడిచినా అంతే. ట్రేలో మెత్తటి గుడ్డ మీద పడుకున్న నాణెం ముప్పయ్యేళ్లలో చెవి నుంచి మెడ దాకా పగులు పెంచుకోలేదు. అంటే బల్ల మీద ఉన్నది నాలుగువందల పన్నెండో నాణెమే కాదు. మామయ్య చదివింది వేరు, ఈ పెద్దమనిషి తప్పుపట్టింది వేరు.

"మామయ్యే కరెక్ట్!" అని గట్టిగా అరవబోయింది. ఆ వెంటనే రెండో ఆలోచన వచ్చి ఆపేసింది. మరి అసలు నాణెం ఏమైంది? ముప్పయ్యేళ్లు ఈ గది తాళాలు మామయ్య నడుముకే వేలాడాయి. ఇది బయటపడితే కంచే చేను మేసిందంటారు. తప్పు చదివిన పండితుడిగా మిగలాలా, నాణెం పోగొట్టిన కాపలాదారుగా మిగలాలా అన్న ప్రశ్నకు ఆయన కిటికీ దగ్గరే జవాబు చెప్పేసుకున్నాడు.

ఆమె నకలు గుప్పిట్లో పెట్టుకుని లోపలి గదిలోకి నడిచింది.

మేనమామ కుళాయి దగ్గర నిలబడి, ఎప్పుడో ఆరిపోయిన చేతులను ఇంకా తుడుచుకుంటున్నాడు. ఆమె గుప్పిట విప్పింది. ఏమిటిదని ఆయన అడగలేదు.

"ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"అలమరా వెనక. నువ్వు చదివింది దీన్ని, అక్కడున్నదాన్ని కాదు. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసే లెన్సు తియ్యలేదు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పన్నెండేళ్లయింది."

"పన్నెండేళ్లుగా తెలిసి, ఇవాళ తప్పు నాదేనని ఒప్పుకుంటావా? ముప్పయ్యేళ్ల నీ పనిని ఆ తాడు కళ్లద్దాలాయన టీ తాగుతూ కొట్టేస్తుంటే ఊరుకుంటావా?"

"కొట్టేస్తే కొట్టెయ్యనీ. చదవడం రాదంటారు, అంతేగా. ఆ నకలు ఇలా ఇచ్చెయ్ అమ్మాయ్, జేబులో వేసుకుపోతాను. ఎవరికీ ఏమీ చెప్పకు."

"ఇవ్వను. ఎవర్ని కాపాడుతున్నావ్ నువ్వు?"

ఆయన చేతులు తుడుచుకోవడం మానాడు. గోడ పక్కనున్న రిజిస్టరు తీసి, వెతుక్కోకుండానే ఒక పేజీ తెరిచాడు. ఎన్నిసార్లు తెరిచాడో ఏమో, ఆ పేజీ దానంతటదే తెరుచుకుంది. నాలుగువందల పన్నెండుకు ఎదురుగా ఆయన నల్లసిరాతో రాసిన బరువు, పది గ్రాముల తొంభై ఒకటి. దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి ఎవరో పది గ్రాముల ఇరవై నాలుగని రాశారు. పక్కన పొడి అక్షరాల సంతకం.

"ఇది ఎవరి చేతిరాత?" అన్నాడు మేనమామ.

ఆమెదే. ఉద్యోగంలో చేరిన మొదటివారం. కొత్తగా ఎలక్ట్రానిక్ త్రాసు వచ్చింది, పాత త్రాసు మీద తూచినవన్నీ మళ్లీ తూచమన్నారు. తక్కిన నాణేలకు తేడా చుక్క తర్వాత రెండో అంకెలోనే వచ్చింది. దీనికొక్కదానికే అరగ్రాము దాటింది. అప్పుడు ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు. పాత త్రాసు మొరాయించి ఉంటుందనుకుని, పెద్దాయన తప్పు దిద్దానన్న గర్వంతో చక్కగా గీత కొట్టి సంతకం చేసింది. నాణెం మారిందని అరిచి చెబుతున్న ఒకే ఒక్క సాక్షిని తన చేత్తోనే కొట్టేసింది.

"కంటి ఆపరేషన్‌కి వెళ్లేముందు ఆ నాణెం చూసుకుని వెళ్లాను. అప్పుడది నాదే. కట్టు విప్పాక వచ్చి చూస్తే నాది కాదు. మధ్యలో తాళాలు నీ దగ్గరున్నాయి. బరువు దిద్దిందీ నువ్వే. నేనేం అనుకోవాలే?"

కుళాయి చుక్క ఒకటి టప్పున పడింది.

"నేను తీశాననుకున్నావా మామయ్యా?"

"పోగొట్టావేమో అనుకున్నాను. చేతిలోంచి ఎక్కడో జారిపోతే భయపడి, అలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టావేమో అనుకున్నాను. కొన్నిరోజులు అంతకంటే చెడ్డగా కూడా అనుకున్నాను. నీ దగ్గర దాచడమెందుకు?"

"అలా అనుకుంటూనే మా ఇంటికొచ్చి భోంచేశావు. నా పెళ్లిలో నా పక్కన నిలబడి ఫొటో దిగావు. నీ కుర్చీ నాకివ్వమని పైవాళ్లకు ఉత్తరం రాశావు. ఒక్కమాట అడగలేకపోయావా?"

"అడిగితే అవునంటావేమోనని భయమేసిందే."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది. ఈ మొండి ముసలాయన తనను దొంగనుకుంటూ కూడా, తనకోసం తన పేరును తప్పుల పట్టికకు అప్పజెప్పడానికి సిద్ధపడ్డాడని తలుచుకుంటే ఆ కోపం కూడా నిలబడలేదు. అయితే నాణేల మనుషులకు ఒక జబ్బుంటుంది. గుండె బద్దలవుతున్నా తేదీలు సరిచూడడం మానరు. ఆమె చూపు ఎర్రసిరా పక్కనున్న తేదీ మీద పడింది.

"నీ ఆపరేషన్ ఏ రోజు?"

"బుధవారం."

"నేను చేరింది ఆ తర్వాతి సోమవారం. తాళాలు నాకిచ్చింది ఆ రోజే. మరి గురువారం, శుక్రవారం అవెక్కడున్నాయి?"

"పాత అటెండర్ దగ్గర. అయితే ఏం? నేను లేనప్పుడు ఇక్కడికి ఎవరొస్తారు?"

"వచ్చారో లేదో సందర్శకుల పుస్తకంలో ఉంటుంది. చూశావా?"

మేనమామ పక్క అలమరా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"చూడలేదా! ఎలకలు కొరికిన కాగితంలాంటి కంచు ముక్క మీద ఊరి పేరు వెతికే మనిషివి. పక్క అలమరాలో పుస్తకం తియ్యలేదా?"

"తీస్తే నువ్వేనని తేలిపోతుందేమో అని..."

"నేను కాదని కూడా తేలేదిగా!"

తన అనుమానం తప్పయ్యే వీలుందని ఆయనకు తట్టనే లేదు. చెప్పాగా, మూడే కాళ్లు.

ఆమె స్టూలెక్కి, పై అరలోంచి ఆ ఏడాది పుస్తకం లాగింది. దుమ్ము దులిపి పేజీలు తిప్పింది. గురువారం ఖాళీ. శుక్రవారం ఒక్కటే వరుస ఉంది, పాత అటెండర్ గుండ్రటి అక్షరాల్లో. 'ఏడో ట్రే. ఒక నాణెం చూశారు. పోల్చుకోవడానికి వారి మ్యూజియం నాణెం ఒకటి వెంట తెచ్చుకున్నారు.' దాని కింద వచ్చినాయన సంతకం. ఆ పేరు చదవడానికి భూతద్దం అక్కర్లేకపోయింది.

ఏం జరిగిందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఒకే అచ్చున పుట్టిన రెండు నాణేలు, రెండూ మొహం పైకి, పక్కపక్కనే లెన్సు కింద. మొహాలు ఒకటేనా కాదా అన్న ధ్యాసే గానీ అప్పటికి పగుళ్ల గొడవ ఎవరికీ పట్టలేదు. ఒక తుమ్ము చాలు, ఒక ఫోను చాలు, ఎడమది కుడికి మారడానికి. ఒకటి ట్రేలోకి, ఒకటి కవర్లోకి. దొంగ ఎవడూ లేడు. కవలపిల్లల్ని పక్కపక్కన పడుకోబెట్టి ఎవరెవరో మర్చిపోయిన ఒక పండితుడున్నాడు, అంతే.

మేనమామ ఆ సంతకం మీదికి వంగాడు. ఈసారి లెన్సు తీశాడు.

"వీడా!" అన్నాడు.

"తిట్లు తర్వాత. నాకు నువ్వు చెప్పాల్సిన క్షమాపణ కూడా తర్వాత, తీరిగ్గా. ముందు పద."

బయట పరిశీలకుడు సవరణ ముత్యాల్లాంటి అక్షరాలతో పూర్తిచేసి, పెన్ను మూత తీసి ఎదురుచూస్తున్నాడు. "రండి, రండి. ఇక్కడ మీ సంతకం."

"అంతకంటే ముందు మీ సంతకం ఒకటి చూపించాలి సార్" అంది ఆమె. సందర్శకుల పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. దాని పక్కన ప్లాస్టర్ నకలు. ఆ పక్కన ట్రేలోని నాణెం. తర్వాత బల్ల మీది ఏడు ఫొటోలను ఒక్కొక్కటే చూసి, అయిదోది పైకి తీసింది. "ఇది మీ మ్యూజియం నాణెమే కదా?"

"అవును. ఫొటో తీసి పదిహేనేళ్లయింది."

"ఎడమ అంచు మీద గంటు చూడండి. ఇప్పుడు ట్రేలోదాన్ని చూడండి. మీరు తప్పేం చెప్పలేదు సార్, ఇది కొండ పట్నానిదే. అయితే ఎనిమిదోది కాదు. మీ ఏడింటిలో ఒకటి. పన్నెండేళ్లుగా మా ఇంట్లో ఉంటోంది."

పరిశీలకుడు లెన్సు అందుకున్నాడు. గంటు చూశాడు, పగులు చూశాడు, నకలు మీద పడవ చూశాడు. మళ్లీ మొదట్నుంచి చూశాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే తీరులా లేదది. నిజంగా ఈ క్షణాన్నే తెలిసినవాడి మొహం. మనిషి గర్విష్ఠి గానీ చదువులో నిజాయితీపరుడే. తను రాసిన సవరణ కాగితాన్ని తనే రెండు ముక్కలు చేశాడు.

"మీరు చదివింది నిజమే" అన్నాడు మేనమామతో. "రేవు పట్నం బతికే ఉంది."

ముప్పయ్యేళ్లలో ఆ మాట ఆయనతో అంత సూటిగా అన్నవాళ్లు లేరు. మేనమామ నకలును చేతిలోకి తీసుకుని జేబురుమాలుతో తుడిచాడు. మేనకోడలికి ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఇంకేం సార్, ఎవరి బిడ్డను వాళ్లు తెచ్చుకుందాం. మీ ట్రేలోది పంపించమని ఒక్క ఫోను చెయ్యండి. సోమవారంలోపు ఫొటో తీసి కేటలాగులో పెట్టేస్తాను. నకలు చూపిస్తే ఎవరూ నమ్మరు, అసలుది చేతిలో ఉండాలి."

పరిశీలకుడు ఫోను తియ్యలేదు. కళ్లద్దాలు తీసేశాడు. అవి తాడుకు వేలాడుతూ చొక్కా గుండీలకు తగిలి టకటకమన్నాయి.

"అది మా దగ్గర లేదమ్మా" అన్నాడు. పొద్దున్నుంచి గది నిండా మోగిన ఆ గొంతు ఇప్పుడు బల్ల దాటి రాలేదు. "కొండ పట్నానివి మాకు చాలా ఉన్నాయి. అది మరీ అరిగిపోయినది. దాని జోడీ ఎలాగూ మీ దగ్గరుందిగా అని, పోయినేడాది కవరు విప్పి చూడకుండానే అదనపు నాణేల్లో వేసి బయటికిచ్చేశాం. ఇవ్వమని రాసింది కూడా నేనే."

పన్నెండేళ్లు ఒక్క ప్రశ్న అడగడానికి భయపడిన మేనమామ రెండు చేతులూ బల్ల మీద ఆన్చి ముందుకు వంగాడు.

"ఎవరికిచ్చావయ్యా?"